నేలమీదనే ఎగిరిన విమానం

నీళ్ళలో దిగనిదే ఈత రాదని మన పెద్దలు అంటారు. ఆ మాట నిజమే. కాని పిల్లలూ, విమానం నడపడం నేర్చుకునేవాడి సంగతి ఏమిటి? ఏమీ తెలియనివాడిని మబ్బులలోకి పంపి, "ఊఁ, నడుపు నాయనా!" అంటే వాడి గతి ఏమవుతుంది? లోతు తక్కువ ఉన్నచోట ఈత నేర్చుకోవచ్చును. ఆకాశంలో లోతు తక్కువ ఉన్నచోటు లేదు. అక్కడ చేసిన తప్పును దిద్దుకోవడానికి వ్యవధి కూడా ఉండదు.

ఈ చిక్కుకు ఉపాయం కనిపెట్టిన ఊరు ఒకటి అమెరికా దేశంలో ఉన్నది. దాని పేరు బింగ్‌హామ్టన్. మా అమ్మాయి కుటుంబం ఆ ప్రాంతంలో ఉండడంవల్ల నాకు ఆ ఊరు చూచే అవకాశం కలిగింది. మనవడిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆ ఊరి విశేషాలు మీకు కూడా చెబుతాను.

న్యూయార్కు అనగానే మనకు ఆకాశాన్ని అంటే మేడలున్న మహానగరం గుర్తుకు వస్తుంది. న్యూయార్కు అనే పేరుతో ఒక రాష్ట్రం కూడా ఉన్నది. ఆ రాష్ట్రంలో, మహానగరానికి వాయవ్యంగా, కారులో సుమారు మూడు గంటలు ప్రయాణం చేస్తే బింగ్‌హామ్టన్ వస్తుంది. చుట్టూ పచ్చని కొండలు. సస్క్వెహానా, షనాంగో అనే రెండు నదులు ఊరి నడుమనే కలుసుకుంటాయి. చలికాలంలో మంచు దండిగా కురుస్తుంది. ఏడాదిలో చాలా రోజులు ఆకాశాన్ని మబ్బులు కప్పేసి ఉంటాయి. ఈ మబ్బుల సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. మన కథలో వాటికి పని ఉన్నది.

ఈ ఊరికీ, దీనిని ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళకూ ఒక తమాషా అయిన పేరు ఉన్నది. "రంగులరాట్నాల రాజధాని" అంటారు. ఇక్కడ పాతకాలపు రంగులరాట్నాలు ఆరు ఉన్నాయి. జార్జి ఎఫ్. జాన్సన్ అనే చెప్పుల ఫ్యాక్టరీ యజమాని 1919కీ 1934కీ మధ్య వాటిని తోటలలో పెట్టించాడు. చిన్నతనంలో తాను డబ్బులు లేక రంగులరాట్నం ఎక్కలేకపోయాడనీ, అందుచేత ఏ పిల్లవాడి దగ్గరా డబ్బు పుచ్చుకోకూడదని షరతు పెట్టాడనీ అక్కడివారు చెబుతారు. చెక్కిన కర్రగుర్రాలు ఒకదాని వెనుక ఒకటి పైకీ కిందికీ ఊగుతూ గుండ్రంగా తిరుగుతూ ఉంటే చూడడానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

అయితే పిల్లలూ, కర్రగుర్రంమీద వెయ్యిసార్లు తిరిగినా మీకు గుర్రపుస్వారీ రాదు. ఎందుచేత? మీరు కళ్ళెం ఎటు లాగినా అది తన దారినే పోతుంది. మీరు చేసినదానికి అది బదులు చెప్పదు. అదే ఊరిలో తయారయిన ఒక కర్రవిమానం మాత్రం, ఎక్కినవాడు చేసిన ప్రతి పనికీ బదులు చెప్పింది. అందుకనే అది లక్షలమందికి చదువు నేర్పగలిగింది.

దానిని తయారుచేసినవాడి పేరు ఎడ్విన్ లింక్. 1904లో పుట్టాడు. అతని తండ్రికి బింగ్‌హామ్టన్‌లో పియానోలూ, ఆర్గన్లూ చేసే ఫ్యాక్టరీ ఉండేది. ఆర్గన్ అంటే మన హార్మోనియానికి పెద్దన్నవంటిది. హార్మోనియం వాయించేవారు ఒక చేత్తో తిత్తిని ఊపుతూ రెండవ చేత్తో మెట్లు నొక్కుతారు కదా? ఆర్గన్లో కూడా తిత్తులూ, గాలిగొట్టాలూ, కవాటాలూ ఉంటాయి. మాటలులేని సినిమాల కాలంలో, హాలులో బొమ్మ ఆడుతూ ఉంటే పక్కన ఆర్గన్ వాయించేవారు. లింక్ ఆ తిత్తుల మధ్యనే పెరిగాడు.

1920లో, పదహారేళ్ళ వయసులో, అతడు కాలిఫోర్నియాలో మొదటిసారి విమానపాఠానికి వెళ్ళాడు. దానికి యాభై డాలర్లు చెల్లించాడు. ఆ రోజులలో అది పెద్ద మొత్తం. గురువు అతడిని ఎక్కించుకుని గాలిలో పల్టీలు కొట్టించి, గిరగిరా తిప్పి, కిందికి తీసుకువచ్చాడు. ఆ సేపంతటిలో శిష్యుడిని చుక్కానిమీద చెయ్యి వెయ్యనివ్వలేదు. యాభై డాలర్లూ పోయాయి, పాఠం రాలేదు!

ఆ గురువును మాత్రం పూర్తిగా తప్పుపట్టడానికి లేదు. శిష్యుడి చేతికి చుక్కాని ఇస్తే ఇద్దరి ప్రాణాలూ అతడి చేతిలో పెట్టినట్టే కదా! లింక్ ఈ విషయాన్నే ఆలోచించాడు. శిష్యుడు తప్పు చెయ్యాలి, ఆ తప్పు తనకు తెలియాలి, కాని ప్రాణం పోకూడదు. అటువంటి విమానం కావాలి.

తండ్రిగారి ఫ్యాక్టరీ నేలమాళిగలో కూర్చుని, దాదాపు ఏడాదిన్నర శ్రమపడి, 1929 నాటికి అతడు అటువంటిదానిని తయారుచేశాడు. చూడడానికి అది పిల్లల బొమ్మవలె ఉంటుంది. మనిషి పట్టేటంత తొట్టి, దానికి పొట్టి రెక్కలు, పొట్టి తోక. తొట్టి కింద తిత్తులు ఉన్నాయి. కరెంటుతో తిరిగే పంపు ఒకటి గాలిని పీల్చుతూ ఉంటుంది. శిష్యుడు చేతికర్రను వెనక్కు లాగితే ఒక కవాటం తెరుచుకుని, ముందరి తిత్తి ఉబ్బుతుంది, వెనుక తిత్తి ముడుచుకుంటుంది. తొట్టి ముక్కు పైకి లేస్తుంది. కర్రను పక్కకు వంచితే తొట్టి ఆ పక్కకు ఒరుగుతుంది. కాలితో నొక్కితే గుండ్రంగా తిరుగుతుంది. ఆర్గన్లో పాట పలికించిన గాలి ఇక్కడ విమానాన్ని ఆడించిందన్న మాట!

ఇంత చక్కని యంత్రాన్ని కొన్నవారు ఎవరనుకున్నారు? వైమానికదళంవారు కాదు. తిరునాళ్ళవంటి వినోదశాలలవారు! వారు దానిని రంగులరాట్నం పక్కన నిలబెట్టి, చిల్లర డబ్బులు తీసుకుని జనాన్ని ఎక్కించారు. అయిదేళ్ళపాటు దాని విలువ పెద్దలెవరికీ తెలియలేదు.

ఇప్పుడు మబ్బుల సంగతికి వద్దాం. మీరు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చెయ్యవచ్చును. పక్కన అమ్మనో నాన్ననో నిలబెట్టుకుని, గుండ్రంగా తిరిగే కుర్చీలో కూర్చుని గట్టిగా కళ్ళు మూసుకోండి. కుర్చీని మెల్లగా, ఒకే వేగంతో కొంతసేపు తిప్పమనండి. కొంతసేపటికి కుర్చీ ఆగిపోయిందని మీకు తోస్తుంది. నిజానికి అది తిరుగుతూనే ఉంటుంది. దానిని ఆపగానే, వెనక్కు తిరుగుతున్నామని తోస్తుంది. నిజానికి మీరు కదలడం లేదు! మన చెవి లోపల అరవంకీలవంటి మూడు గొట్టాలలో ద్రవం ఉంటుంది. తల తిరిగినప్పుడు ఆ ద్రవం కదలికనుబట్టి మెదడు కదలికను తెలుసుకుంటుంది. ఒకే తీరుగా తిరుగుతూ ఉంటే ద్రవం కూడా గొట్టంతోపాటే తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు చెవి అబద్ధం చెబుతుంది. మామూలుగా కన్ను ఆ అబద్ధాన్ని దిద్దుతుంది. మబ్బులో కన్నుకు ఏమీ కనిపించదు. విమానం ఒరిగి కిందికి జారుతున్నా, చక్కగానే పోతున్నదని నడిపేవాడు నమ్ముతాడు. అతడు తన చెవిని నమ్మక, ఎదురుగా ఉన్న ముళ్ళను, అనగా పరికరాలను, నమ్మడం నేర్చుకోవాలి. ఇది చెప్పినంత సులభం కాదు. ఒంట్లోని ప్రతి నరమూ "కుడికి ఒరుగుతున్నావు" అని అరుస్తూ ఉంటే, "కాదు" అని ఒక చిన్న ముల్లు చెప్పినదానిని వినాలి. దీనికి సాధన కావాలి.

1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమానాలలో ఉత్తరాలు చేరవేసే పనిని సైన్యానికి అప్పగించింది. అది కటికచలికాలం. పొగమంచు, మంచుతుపానులు. మబ్బులలో నడపడం సరిగా నేర్వని యువకులు ఉత్తరాల సంచులతో బయలుదేరారు. కొన్ని వారాలలోనే పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. యుద్ధం లేదు, శత్రువు లేడు. వారు నేర్చుకోవలసిన పాఠం ఒకటి మిగిలిపోయింది, అంతే.

అప్పుడు సైన్యానికి లింక్ గుర్తుకు వచ్చాడు. ఆయన యంత్రం గురించి మాట్లాడడానికి అధికారులు నెవార్క్ విమానాశ్రయంలో ఎదురుచూస్తున్నారు. ఆ రోజు దట్టంగా పొగమంచు కమ్మింది. ఈ వాతావరణంలో ఆయన రాలేడని వారు వెళ్ళిపోబోతున్నారు. అంతలో మంచులోనుంచి విమానం మోత వినిపించింది. లింక్ పరికరాలను మాత్రమే చూచుకుంటూ వచ్చి చక్కగా దిగాడు! ఇక వేరే సాక్ష్యం దేనికి? సైన్యం వెంటనే ఆరు యంత్రాలకు ఆర్డరు ఇచ్చింది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి ఇటువంటివి పదివేలకు పైగా తయారయినాయి. సుమారు 5 లక్షలమంది వాటిలో కూర్చుని నేర్చుకున్నారు. ఆ నీలంరంగు తొట్టికి "నీలిపెట్టె" అని ముద్దుపేరు వచ్చింది. ఇంకొక సంగతి వినండి. యుద్ధానికి కొన్ని ఏళ్ళ ముందే జపాను నౌకాదళం కూడా ఈ యంత్రాలను కొన్నది. యంత్రానికి మిత్రుడూ, శత్రువూ అనే భేదం తెలియదు. ఎవరు కూర్చుంటే వారికే నేర్పుతుంది.

నేటికీ ఆ ఊరి ప్రదర్శనశాలలలో నీలిపెట్టెలు ఉన్నాయి. తొట్టికి పైన మూత ఉంటుంది. మూత వేస్తే లోపల చీకటి, మెరిసే ముళ్ళు తప్ప ఏమీ ఉండదు. పక్కనే గురువుగారి బల్ల. బల్లమీద దేశపటం పరిచి ఉంటుంది. దానిమీద మూడు చక్రాల చిన్న సాధనం ఒకటి పాకుతూ, శిష్యుడు ఎటు పోతున్నాడో సిరాతో గీత గీస్తుంది. పీతవలె పాకుతుంది గనుక దానిని "పీత" అనే పిలిచేవారట. పాఠం అయిన తరువాత శిష్యుడు దిగివచ్చి తన దారిని తానే చూచుకుంటాడు. "ఇదుగో, ఇక్కడ కొండను గుద్దావు. ఎందుకు గుద్దావో చెప్పు!" అని గురువు అడుగుతాడు.

నలభై ఏళ్ళు బడిపంతులుగా పనిచేసినవాడిని గనుక, నేను తొట్టికన్న ఆ బల్లనే ఎక్కువసేపు చూచాను. మా మనవడు నా చెయ్యి పట్టి లాగి, "తాతయ్యా, ఇది పాతకాలపు వీడియోగేమా?" అని అడిగాడు.

"చుట్టమే అనుకో. అయితే గేములో ఓడిపోతే ఏం చేస్తావు?" అన్నాను.

"మళ్ళీ మొదలుపెడతాను."

"ఎందుకు ఓడిపోయావో ఎవరైనా అడుగుతారా?"

వాడు ఆలోచించి, "అడగరు" అన్నాడు.

"ఇక్కడ అడుగుతారు. అదే తేడా!" అన్నాను.

ఈ నీలిపెట్టె మునిమనవడే నేటి వర్చువల్ రియాలిటీ, అంటే లేనిది ఉన్నట్టే తోపించే విద్య. 1968లో ఐవాన్ సదర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడు తలకు తగిలించుకునే తెరను తయారుచేశాడు. అది ఎంత బరువంటే, దానిని పైకప్పునుంచి వేలాడదీయవలసివచ్చింది! అందులో కనిపించినవి గీతలతో గీసిన బొమ్మలు మాత్రమే. నేటి కళ్ళజోడు తేలిక. లోపల కంటికొక బొమ్మ చొప్పున రెండు బొమ్మలు, కొద్ది తేడాతో ఉంటాయి. మెదడు ఆ రెండింటినీ కలుపుకుని లోతును చూస్తుంది. తల తిప్పితే సాధనం కనిపెట్టి, రెప్పపాటుకన్న తక్కువ వ్యవధిలో బొమ్మను కూడా తిప్పుతుంది. ఆలస్యమైతే కన్ను ఒక మాట, చెవి ఒక మాట చెప్పి కడుపులో తిప్పుతుంది. చూచారా, అదే చెవి మళ్ళీ వచ్చింది!

1980ల్లో అమెరికా సైన్యం అనేక బొమ్మటాంకులను తీగలతో కలిపింది. వేరువేరు ఊళ్ళలో కూర్చున్న సైనికులు ఒకే బొమ్మమైదానంలో కలిసి సాధన చేశారు. మన హైదరాబాదులో కూడా 1993లో మొదలయిన జెన్ టెక్నాలజీస్ అనే సంస్థ సైనికులకూ, పోలీసులకూ ఇటువంటి శిక్షణయంత్రాలను తయారుచేస్తున్నది. పూర్వం మన సాముగరిడీలలో కుర్రవాడికి మొదట కత్తి ఇవ్వక కర్ర ఇచ్చేవారు కదా? ఇక్కడ గుండుకు బదులు వెలుతురుకిరణం. గురి తప్పితే తెరమీద తెలుస్తుంది. ఎవరికీ దెబ్బ తగలదు.

పోలీసుకు గురికన్న కష్టమయిన పాఠం మరొకటి ఉన్నది. అది తుపాకి పేల్చకుండా ఉండడం. ఒక దృశ్యం ఊహించుకోండి. రాత్రివేళ, ఇంటిముందు ఒక మనిషి గట్టిగా అరుస్తున్నాడు. అతని చెయ్యి జేబులోకి పోతున్నది. అందులో ఏమున్నది? కత్తా, తాళంచెవులా, తల్లి ఫొటోయా? శిక్షణ పొందేవాడు మెత్తగా పలకరిస్తే, గురువు మీట నొక్కుతాడు. బొమ్మలోని మనిషి మెట్లమీద కూలబడి ఏడుస్తాడు. కసిరితే, అతడు మీదికి వస్తాడు. మాటనుబట్టి కథ మారుతుంది. తరువాత జరిగినదంతా మళ్ళీ వేసి చూపి, "ఈ క్షణంలో ఏం చూశావు? ఎందుకు అలా చేశావు?" అని అడుగుతారు. పీత గీచిన గీత వంటిదే ఇది.

మయసభ కథ మీకు తెలుసు. దుర్యోధనుడు నేల అనుకుని నీళ్ళలో కాలు పెట్టాడు. అక్కడ నవ్వినవారు ఉన్నారు గాని నేర్పినవారు లేరు. ఆ నవ్వు ఎంత దూరం పోయిందో భారతం చదివినవారికి తెలుసు. శిక్షణగది కూడా మయసభే. అయితే అక్కడ జారిపడినవాడిని చూచి నవ్వకూడదు. నవ్వితే రేపు వాడు తన తప్పు దాచుకుంటాడు. దాచుకున్న తప్పు వీధిలో బయటపడుతుంది.

ఈ విద్యలో ప్రమాదం కూడా ఉన్నది. బొమ్మలో పడిపోయినవాడు మరుసటి ఆటకు లేచి నిలబడతాడు. మనిషి అలా లేవడు. ఈ సంగతి మరిచేటట్టు చేసే శిక్షణ మంచిది కాదు. రెండవది, బొమ్మలను ఎవరు వ్రాశారన్నది ముఖ్యం. ప్రశ్నపత్రంలో అన్ని ప్రశ్నలకూ "అవును" అనే జవాబు సరిపోతే, పిల్లవాడు ప్రశ్న చదవడం మానేస్తాడు. అలాగే ప్రతి బొమ్మలోనూ జేబులోనుంచి తుపాకియే వస్తే, నేర్చుకున్నవాడికి లోకంలోని ప్రతి జేబులోనూ తుపాకియే కనిపిస్తుంది. అలా అయినప్పుడు యంత్రం చెడిపోకపోయినా చదువు చెడిపోయినట్టే.

ఇదే విద్య మందుగా కూడా పనిచేస్తున్నది. యుద్ధం చూచి వచ్చి, నిద్రలో ఉలిక్కిపడే సైనికులు ఉంటారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోని శాస్త్రజ్ఞులు ఇరాకు యుద్ధంనుంచి వచ్చినవారికోసం ఇటువంటి బొమ్మలోకాన్ని తయారుచేశారు. వైద్యుడు పక్కనే ఉండి, వారిని భయపెట్టిన చోటికే మెల్లమెల్లగా తీసుకుపోతాడు. క్షేమమయిన గదిలో మళ్ళీ మళ్ళీ చూచి, మాట్లాడి, కొందరు ఆ భయాన్ని తగ్గించుకోగలుగుతున్నారు.

ఇక లింక్ సంగతి. ఆయన తరువాత సముద్రగర్భాన్ని పరిశోధించడానికి దిగాడు. మునుగునావలను నిర్మించాడు. 1973లో ఫ్లోరిడా దగ్గర ఆయన మునుగునావ ఒకటి, మునిగిన ఓడ శిథిలాలలో చిక్కుకున్నది. అందులో ఉన్న నలుగురిలో ఇద్దరు చనిపోయారు. వారిలో ఒకరు ఆయన సొంతకొడుకు. లక్షలమంది ఇతరుల బిడ్డలకు క్షేమంగా నేర్చుకునే మార్గం చూపిన తండ్రికి ఇది ఎంత దుఃఖమో మనం ఊహించవలసిందే. ఆయన అప్పటికి డెబ్భైకి దగ్గరపడినవాడు. దిగులుతో మూల కూర్చోలేదు. చిక్కుకున్న నావలను తప్పించడానికి, మనుషులు లేకుండా నీటిలోకి పోయే సాధనం ఒకటి తయారుచేశాడు. 1981లో కన్నుమూశాడు. నేడు బింగ్‌హామ్టన్ విమానాశ్రయానికి ఆయన పేరే ఉన్నది.

పిల్లలూ, మీరు ఏదో ఒకనాడు ఆ కళ్ళజోడు పెట్టుకుంటారు. మీలో కొందరు పోలీసులో, సైనికులో, వైద్యులో, విమానచోదకులో అవుతారు. లోపల తప్పు జరిగినప్పుడు గబగబా మళ్ళీ మొదలుపెట్టకండి. ముందు కళ్ళజోడు తీసి, మీరు పోయిన దారిని ఒకసారి చూచుకోండి. బయట వీధిలో, మబ్బులో, ఆస్పత్రిలో మళ్ళీ మొదలుపెట్టే మీట ఉండదు. తల్లిదండ్రులకు కూడా ఒక మనవి: పిల్లవాడు తప్పుచేసి మీ దగ్గరకు వస్తే, "ఎందుకు గుద్దావో చెప్పు" అని ఆ బల్ల దగ్గర గురువువలె నిదానంగా అడగండి. మిగిలిన పాఠం వాడే చెబుతాడు.